కుట్టిన చెవి మానేదాకా

చెవులు కుట్టడానికి ముహూర్తం ఉంది. తిథి, వారం, నక్షత్రం చూసి, వర్జ్యం తప్పించి, గంటా నిమిషాలతో సహా పురోహితుడు చీటీ మీద రాసిస్తాడు. ఆ వేళకు సూది దిగుతుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. మేనమామ బంగారు పోగు పెట్టిస్తాడు, చుట్టాలు అక్షింతలు వేసి భోజనాలకు లేస్తారు. ఆ చెవి మానడానికి మాత్రం ముహూర్తం లేదు. తమ్మెకు పడ్డ కంత లోపల కొత్త చర్మం పట్టడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అన్ని రోజుల్లో ఒక్క మంత్రం లేదు, ఒక్క పురోహితుడు రాడు. ఉండేది తల్లి, కాసిని ఉప్పునీళ్లు, శుభ్రమైన గుడ్డ.

చెవులు కుట్టే ఈ కర్ణవేధను షోడశ సంస్కారాల్లో ఒకటిగా చెబుతారు. పాత గృహ్యసూత్రాల్లో చాలావాటిలో ఇది కనబడదు, తర్వాత వచ్చిన పరిశిష్ట గ్రంథాల్లో చేరింది. అది సరే. సంస్కారం అనేది ఎప్పుడు జరుగుతుంది, సూది దిగినప్పుడా, ఆ తర్వాతి వారాల్లోనా? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్లుగా ఉంది. సూది దిగినప్పుడు జరిగేది గాయం మాత్రమేననీ, సంస్కారం జరిగేది ఆ వారాల్లోనేననీ నా నమ్మకం. ఎందుకలా నమ్ముతున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తెనాలిలో కంసాలి ఇల్లు. వీధి అరుగు మీద నాన్న కుంపటి, దాగలి, ఊదుగొట్టం, పట్టకార్లు ఉండేవి. ఆ అరుగు మీదే చదువుకుని, గుంటూరులో నర్సింగు చేసి, ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. చెవి కుట్టే చెయ్యీ, చీముపట్టిన చెవిని కడిగే చెయ్యీ రెండూ నాకు దగ్గరగా తెలుసు.

నాన్న సూది వాడేవారు కాదు. మేలిమికి దగ్గరి బంగారాన్ని సన్నటి తీగ తీసి, ఒక కొసను ఆకురాయితో ముల్లులాగా అరగదీసి, నిప్పు సెగ చూపించి చల్లారనిచ్చేవారు. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాక తమ్మెను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఎండ వెలుగుకు అడ్డంగా పెట్టి చూసేవారు. లేత తమ్మె ఎర్రగా వెలిగేది. అందులో సన్నని నరాలు, వాటి మధ్య ఒక పలచని చోటు కనిపించేవి. అక్కడ కాటుక చుక్క పెట్టేవారు. రెండో చెవికి కూడా పెట్టి, వెనక్కి జరిగి, పిల్ల మొహానికి ఎదురుగా కూర్చుని రెండు చుక్కలూ సమంగా ఉన్నాయా అని చూసేవారు. ఏ మాత్రం తేడా ఉన్నా తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ పెట్టేవారు. చుట్టాలు ముహూర్తం దాటిపోతోందని తొందరపెట్టినా ఆయన చెయ్యి తొందరపడేది కాదు. చుక్క కుదిరాక గుచ్చడం రెప్పపాటు పని. తీగ అవతలికి వచ్చాక దాన్నే గుండ్రంగా వంచి కొసలు మెలిపెట్టేవారు. అదే పోగు.

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం చెవి గురించే. ఉద్యోగంలో చేరాక దాన్ని తెలుగు తాత్పర్యంతో చదువుతుంటే నాకు మా అరుగే కళ్ల ముందుకొచ్చింది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో, శుక్లపక్షంలో, మంచిరోజు చూసి కుట్టమంటాడు సుశ్రుతుడు. బిడ్డను దాది ఒళ్లో కూర్చోబెట్టి ఆటబొమ్మలతో మరిపించాలి. వైద్యుడు ఎడమచేత్తో చెవిని లాగి పట్టుకుని, ఎండ పడి వెలిగేచోట, దైవమే ముందుగా ఏర్పరచిన చోట, కుడిచేత్తో మెల్లగా తిన్నగా గుచ్చాలి. తమ్మె పలచనైతే సూదితో, దళసరైతే ఆరెతో. మగపిల్లాడికి కుడిచెవి ముందు, ఆడపిల్లకు ఎడమచెవి ముందు. నెత్తురు బాగా కారినా నొప్పి మితిమీరినా గుచ్చకూడని చోట గుచ్చారని గుర్తు. ఎందుకు కుట్టాలన్నదానికి ఆయన అక్కడ చెప్పినవి రెండే: రక్ష, అలంకారం.

కుట్టే పద్ధతి అక్కడితో అయిపోయింది. అధ్యాయం మాత్రం అప్పుడే మొదలైనట్టుంటుంది. కంతలో దూదివత్తి పెట్టి పచ్చినూనెతో తడపాలి. మూడేసి రోజులకొకసారి కాస్త లావు వత్తి మార్చాలి. సూది మంచిది కాకపోయినా, వత్తి మరీ లావైనా, దోషాలు ప్రకోపించినా చెవి వాచి పోటు పెడుతుంది. అప్పుడు వత్తి వెంటనే తీసేసి అతిమధురం, ఆముదం వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరి తేనె, నెయ్యి కలిపి పట్టు వెయ్యాలి. బాగా మానాకే మళ్లీ కుట్టాలి. అక్కణ్ణించి తెగిన తమ్మెల సంగతి. వాటిని అతికే పద్ధతులు 15, ఒక్కోదానికి ఒక్కో పేరు. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి కూడా ఈ అధ్యాయం చివరే ఉంది. శస్త్రవైద్య చరిత్ర రాసేవాళ్లు సుశ్రుతుణ్ణి తలుచుకునేది ఎక్కువగా దానివల్లే. గుచ్చడానికి నాలుగు మాటలు చాలాయి ఆయనకు. గుచ్చిన తర్వాతి బాధ్యతకే మిగతా అధ్యాయమంతా పట్టింది. బిడ్డ కూర్చునే మొదటి ఒడి దాదిది అని ఆయన అనడం, జీవితమంతా నర్సుగా బతికిన నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఈమధ్య చెవి కుడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, చూపు మెరుగవుతుందనీ, తమ్మెలో మెదడుకు సంబంధించిన కీలకస్థానం ఉందనీ ఫోన్లలో తెగ తిరుగుతోంది. నేను దీన్ని ఒప్పుకోను. కంటికి కనబడే ప్రయోజనం ఉన్నప్పుడు కనబడని ప్రయోజనాన్ని ఊహించకూడదని మన మీమాంసకులే నియమం పెట్టారు. పిల్ల ముద్దుగా ఉంటుంది, ఇంటిపిల్ల అయిందని పదిమంది మధ్య తెలుస్తుంది. ఇది చాలకపోతే కుట్టకుండా ఉండొచ్చు. లేని వైద్యం అంటగట్టడం ఆచారానికి గౌరవం కాదు.

ఇక గుచ్చాక లోపల ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే నా వాదమంతా దాని మీదే నిలబడి ఉంది. ముందు నెత్తురు గడ్డకడుతుంది. తమ్మె కాస్త వాచి వెచ్చబడుతుంది. ఒకటి రెండు రోజులకు పలచని రసి ఊరి పోగు చుట్టూ పసుపుపచ్చ పక్కు కడుతుంది. చీము అనుకుని తల్లులు కంగారుపడతారు గానీ అది చీము కాదు, శరీరం చేసుకుంటున్న మరమ్మతు. ఆ తర్వాత తమ్మె ముందువైపు నుంచి, వెనకవైపు నుంచి పైచర్మం కంతలోకి దిగడం మొదలుపెడుతుంది. రెండువైపుల చర్మమూ గోడ వెంబడే పాకి నడిమధ్యన కలుసుకోవాలి. కలిసిననాడు మానినట్టు. మానడం బయటి నుంచి లోపలికి సాగుతుంది కాబట్టి పైకి రెండో వారానికే మానినట్టు కనబడుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. చాలా చెవులు పాడయ్యేది ఆ రెండో వారం తర్వాతే.

తక్కిన ఏ గాయమైనా పూడి మానుతుంది. ఇదొక్కటే పూడకుండా మానాలి. లోపల దిగిన లోహాన్ని శరీరం బయటికి నెట్టకుండా, దాని చుట్టూ తనే చర్మం తొడుక్కోవాలి. అలా జరగాలంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ప్రతిరోజూ ఓపికగా ఉండాలి.

ఆ ఓపికలో చేసేది తక్కువ, చేయకుండా ఆగేది ఎక్కువ. చేతులు సబ్బుతో కడుక్కోకుండా చెవి ముట్టుకోకూడదు. రోజుకు రెండుసార్లు సెలైన్‌తో తడిపి, పక్కు మెత్తబడ్డాక దానంతటదే వస్తే గాజుగుడ్డతో తీసేయాలి, రాకపోతే వదిలేయాలి. మందులషాపులో దొరికే 0.9 శాతం సెలైన్ మేలు. ఇంట్లో కలిపితే ఉప్పు ఎక్కువై చర్మం పొడిబారుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికిరావు, పాకుతున్న కొత్త చర్మాన్నే అవి చంపేస్తాయి. పోగును తిప్పకూడదు. నాన్నరోజుల్లో కొబ్బరినూనె వేసి రోజూ తిప్పమనేవారు, అంటుకుపోతుందని. తిప్పినప్పుడల్లా లోపల అప్పుడప్పుడే పట్టిన పొర చిరుగుతుందని ఇప్పటి వైద్యం చెబుతుంది, నేను దాన్నే పాటిస్తాను. శీలను తమ్మెకు అదిమి బిగించకూడదు, వాపుకు చోటుండాలి. దిండు గలీబు మారుస్తూ ఉండాలి. గిల్టు నగల్లో నికెల్ ఉంటుంది, అది పడని చర్మాలు చాలా ఉన్నాయి. దురద పెట్టి రసి ఆగకుండా కారుతుంటే ముందు లోహాన్ని అనుమానించాలి. ఎరుపు చెవి దాటి పాకినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చిక్కటి చీము వచ్చినా, జ్వరం తగిలినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పోగు తీయాలా ఉంచాలా అన్నది కూడా డాక్టరే తేల్చాలి. మనం తీసేస్తే కంత మూసుకుపోయి చీము లోపల చిక్కుకుంటుంది.

నర్సుగా నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించే మాట ఈ "వదిలేయాలి" అన్నది. ప్రేమ ఉన్న చెయ్యి ఊరుకోదు. పక్కు గిల్లాలనిపిస్తుంది, కాస్త పసుపు రాయాలనిపిస్తుంది, ఒక్కసారి తిప్పి చూడాలనిపిస్తుంది. కర్మలో అకర్మను, అకర్మలో కర్మను చూడగలవాడే తెలివైనవాడని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు అంటాడు. ఆ శ్లోకం మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. నాకు మాత్రం అది పసిపిల్ల చెవి పక్కన కూర్చుని, చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడే అర్థమైంది.

చెవి పైభాగం సంగతి వేరు. అక్కడుండేది మృదులాస్థి, దానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైపొర నుంచే ఆహారం అందుతుంది. అందుకే మానడానికి 6 నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. చీముపడితే చెవి ఆకారమే ముడుచుకుపోవచ్చు. కాలేజీ పిల్లలు బజార్లో తుపాకీలాంటి పరికరంతో అక్కడ కొట్టించుకుని, నాలుగో రోజుకు చెవి కందగడ్డలా చేసుకుని మా డ్రెస్సింగు గదికి వచ్చేవాళ్లు. ఆ పరికరం మొద్దు మొనను బలంగా నెడుతుంది, మృదులాస్థి చితుకుతుంది. పైగా దాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టి శుద్ధిచేయడం కుదరదు. బోలు సూదితో, శిక్షణ ఉన్న చేత్తో అయితేనే అక్కడ కుట్టించుకోవాలి.

మా చెల్లెలి కోడలు తన కూతురికి ఏడో నెల వచ్చినప్పుడు నన్నొక మాట అడిగింది. "పెద్దత్తయ్యా, దీని చెవులు దీనివి కదా. అడగడానికి దీనికి మాటలైనా రాలేదు. మనమెవరం కుట్టడానికి?" మా చెల్లెలికి కోపమొచ్చింది. నాకు రాలేదు. అది అహింస గురించి ఎవరైనా అడగగలిగిన అసలైన ప్రశ్న. టీకా కూడా అడగకుండానే వేస్తాం గదా అని కొందరంటారు. టీకా బిడ్డ ప్రాణానికి. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లో ధనుర్వాతపు టీకా కూడా ఉంటుంది కాబట్టి, సుశ్రుతుడు చెప్పిన ఆరో నెలకు ఇవాళ్టి బిడ్డకు ఆ రక్షణ కూడా ఉంటుంది. ఇది తలుచుకుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ చెవి కుట్టడం ప్రాణానికి కాదు. ఆ అమ్మాయికి టీకాను చూపించి జవాబు చెప్పడం నాకు న్యాయమనిపించలేదు.

నాతో పనిచేసిన సిస్టర్లలో చాలామంది క్రైస్తవులు. ఒకావిడ రాత్రి డ్యూటీలో నాకు నిర్గమకాండము 21వ అధ్యాయం చదివి వినిపించింది. ఏడో ఏట విడుదల కావలసిన దాసుడు, యజమాని మీదా తన భార్యాపిల్లల మీదా ప్రేమతో, నేను వెళ్లను అంటే, అతణ్ణి తలుపు దగ్గరికి తీసుకెళ్లి చెవి కుడతారు. ఇక జీవితాంతం ఆ ఇంటివాడే. అక్కడ చెవి కుట్టడమంటే స్వేచ్ఛను వదులుకున్న గుర్తు. అయినా ఆ దాసుడు నోరు తెరిచి చెప్పాకే కుడుతున్నారు. మన బిడ్డ ఏమీ చెప్పలేదు. మనమూ కుట్టేది నువ్వు మా ఇంటిదానివి అని చెప్పడానికే. కోడలి అభ్యంతరం సరిగ్గా అక్కడే ఉంది, అది తీసిపారేయాల్సింది కాదు.

నాకు దారి దొరికింది శంకరుల దగ్గర. బ్రహ్మసూత్రాల్లో నాలుగో సూత్రానికి, సమన్వయాధికరణానికి, ఆయన రాసిన భాష్యంలో సంస్కారం గురించి ఒక చర్చ ఉంది. సంస్కారమంటే ఉన్నదానికి ఒక గుణం చేర్చడమైనా కావాలి, ఒక దోషం తీసేయడమైనా కావాలి అంటారాయన. ఆత్మకు చేర్చేదీ లేదు, తీసేదీ లేదు, కాబట్టి ఆత్మకు ఏ సంస్కారమూ అంటదు. మరి స్నానం, ఆచమనం, యజ్ఞోపవీతం ఎవరికి సంస్కారం? దేహంతో కలిసిపోయి, ఈ దేహమే నేను అనుకునేవాడికి. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ వైద్యం. చికిత్స జరిగేది దేహానికి, ధాతువులు కుదుటపడేది దేహంలో, "నాకు రోగం పోయింది" అనే తెలివి మాత్రం ఆ దేహాన్ని నాది అనుకునేవాడికి కలుగుతుంది. ఆసుపత్రిలో రోజూ చూసినదాన్నే వేదాంతంలో చదివి ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు ఈ కొలతతో ఏడునెలల పిల్లను చూద్దాం. చెవి కుట్టడం ముందు ఆ ఒంటికి ఒక దోషమే చేరుస్తుంది, గాయం అనే దోషం. సరిగ్గా మానితేనే అది గుణమవుతుంది. సూది దిగి చెవి చీముపడితే అక్కడ జరిగింది ఏ లెక్కనా సంస్కారం కాదు. ఇది మొదటి సంగతి. రెండోది ఇంకా ముఖ్యం. "నాకు చెవులు కుట్టారు" అనే తెలివి ఆ పిల్లకు ఇంకా లేదు. నొప్పి ఉంది, నాది అనేది ఇంకా గట్టిపడలేదు. రేపు గుర్తు కూడా ఉండదు. ఆ చెవి నాది, ఆ నొప్పి నాది అని ఆ వారాల్లో అనుకునేది తల్లి. రాత్రి బిడ్డ ఏ పక్కకు తిరిగి పడుకుందో లేచి చూసేది ఆమె. చెవి మానినప్పుడు "మానింది" అని ఊపిరి పీల్చుకునేదీ ఆమే. శంకరుల మాట ప్రకారం సంస్కారం ఎవరికి అంటిందంటే, నాది అనుకున్నవాళ్లకు. చెవులు కుట్టింది పిల్లకు, సంస్కారం జరిగింది తల్లికి. పండితులు దీన్ని ఒప్పుకుంటారో లేదో గానీ, నేను దీన్ని అటూ ఇటూ తిప్పి ఎంతో ఆలోచించాకే రాస్తున్నాను.

కాబట్టి మనమెవరం అన్న ప్రశ్నకు నేను ఆ అమ్మాయికి చెప్పింది ఇది: గాయం చేసే హక్కు దాన్ని మాన్పే బాధ్యత తలకెత్తుకున్నవాళ్లకే ఉంటుంది. కన్నందువల్ల రాదు, మేనమామ అయినందువల్ల రాదు, ఆచారం ఉన్నందువల్ల అసలే రాదు. ఆ బాధ్యత తీసుకునేవాళ్లు ఇంట్లో లేకపోతే ముహూర్తం ఎంత బాగున్నా కుట్టకూడదు. పిల్ల పెరిగి తనే అడిగేదాకా ఆగుతానంటే ఆగొచ్చు. మూడో ఏటా ఐదో ఏటా చేసే ఆనవాయితీ కూడా మనలో ఉన్నదే. ఆ అమ్మాయి ఆగుతానంది. మా చెల్లెలు కొన్నాళ్లు ముభావంగా ఉంది.

శరీరాన్ని గుచ్చుకునే భక్తి మనకు ఇంకొకటి కూడా తెలుసు. వీరభద్రుడి సంబరంలో నారసాలు పొడుచుకుంటారు. చిత్తూరు వైపు నుంచి ఆడికృత్తికకు తిరుత్తణికి కావళ్లు మోసుకుపోయేవాళ్లలో కొందరు చెంపకూ నాలుకకూ శూలం గుచ్చుకుంటారు. ఆ శూలం తీశాక విభూతి అద్దుతారు. నోటిలోపలి చర్మం తొందరగా మానుతుంది, కొద్దిరోజులకు గుర్తు కూడా మిగలదు. ఆ ఒక్కరోజు తీవ్రతే అక్కడ మొక్కు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది వేరే దారి. ఉత్తరాదిన గోరఖ్‌నాథుడి సంప్రదాయంలో కన్‌ఫటా యోగులున్నారు. దీక్షలో గురువు వాళ్ల చెవి నడుమ మృదులాస్థిని కత్తితో చీలుస్తాడు. ఆ చీలికల్లో వేపపుల్లలు పెడతారు. మానిన తర్వాతే పెద్ద కుండలాలు తొడుగుతారు. బ్రిగ్స్ అనే రచయిత 1938లో ఈ యోగుల గురించి రాసిన పుస్తకంలో ఇది ఉంది. కుండలం ఎక్కేది గాయమైన రోజున కాదు, మానాక. మన పల్లెల్లో కూడా పేదిళ్ల ఆడవాళ్లు కుట్టిన చెవికి వేపపుల్లే పెట్టుకునేవాళ్లు, బంగారం ఎప్పుడు కొనగలిగితే అప్పుడే పోగు. ఆ వేపపుల్లలో నాకు బంగారంలో కనబడనంత నిజాయితీ కనబడుతుంది. మానేదాకా అలంకారం లేదని ఒప్పుకున్న పుల్ల అది.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో బుద్ధుడి చెవులు చూడండి. తమ్మెలు కిందికి జారి ఉంటాయి, నగ ఉండదు. రాజకుమారుడిగా పెట్టుకున్న బరువైన కుండలాలు సాగదీసిన తమ్మెలవని ఒక వివరణ ఉంది. రాజ్యం వదిలాడు, భార్యాబిడ్డలను వదిలాడు, జుట్టు కోసేసుకున్నాడు, కుండలాలు తీసేశాడు. తమ్మెలు మాత్రం వెనక్కి పోలేదు. ఏళ్లతరబడి చర్మం తొడుక్కున్న కంత నగ తీసినా పూడదు. పసితనంలో ఎవరో దాది కడిగి మాన్పిన గాయపు ఆనవాలు బోధివృక్షం కిందికి కూడా ఆయనతో వెళ్లిందని తలుచుకుంటే, సన్యాసం తుడవలేనిది కూడా ఒకటుందని నాకనిపిస్తుంది.

కర్ణుడి కథ దీనికి తలకిందులు. కుండలాలతోనే పుట్టాడు, ఎవరూ కుట్టలేదు, ఎవరూ మాన్పలేదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగితే తన చేత్తో కోసి ఇచ్చాడు. ఇచ్చేముందు అరణ్యపర్వంలో అతను అడిగిన మాటల్లో ఒకటి చాలామందికి గుర్తుండదు: కోసుకున్నాక నా ఒళ్లు వికారంగా ఉండకూడదు అని అడిగాడు. ఇంద్రుడు సరేనన్నాడు, ఒంటి మీద గాయం కూడా ఉండదన్నాడు. పుట్టిన రోజే నదిలో వదిలిన బిడ్డ అతను. అతని చెవి గాయాన్ని మాన్పడానికి దేవుడి వరం కావలసివచ్చింది. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కుంతి గుర్తొస్తుంది.

మా చెల్లెలి మనవరాలు ఇప్పుడు రెండో తరగతి. ఈ సంవత్సరం తనే వచ్చి చెవులు కుట్టించమంది. వాళ్లమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నొప్పి ఎంతసేపుంటుందో, ఆ తర్వాత ఎన్ని వారాలు ముట్టుకోకుండా ఉండాలో, ఈత క్లాసు మానేయాల్సి వస్తుందనీ అన్నీ చెప్పింది. పిల్ల రెండు రోజులు ఆలోచించుకుని ఊఁ అంది. ముహూర్తం పెట్టాం, మేనమామ ఒళ్లోనే కూర్చోబెట్టాం, తెలిసిన డాక్టరమ్మ సూదితో కుట్టింది. నేను ఒక షరతు పెట్టాను. ఒళ్లో కూర్చోబెట్టుకున్న మేనమామ పోగులు పెట్టించి భోంచేసి వెళ్లిపోతే కుదరదు, సాయంత్రం కడిగే పని అతనిది. ఆ అబ్బాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాడు. మొదట్లో సెలైన్ బుడ్డి పట్టుకుంటే చెయ్యి వణికేది. నాలుగు రోజులకు కుదురుకున్నాడు. ఇప్పుడు గోళ్లు కత్తిరించుకుని మరీ వస్తున్నాడు. శాస్త్రం తెలిసినవాళ్లు ఈ పనిని కర్ణవేధలో ఒక అంగంగా చేరిస్తే బాగుంటుందని నా కోరిక: పోగు ఎవరి చేతిమీదుగా పెట్టించారో, మానేదాకా కడగడం కూడా వాళ్ల వంతే అని.

నాలుగో వారంలో మా దగ్గరి బంధువులింట్లో పెళ్లి వచ్చింది. మా చెల్లెలు మనవరాలికోసం బుట్టలు చేయించి ఉంచింది. ఒక్క పూటే గదా, చెవులు చూడబోతే ఎర్రగా కూడా లేవు, పెట్టి తీసేద్దాం అంది. నేను వద్దని చెప్పబోతుంటే పిల్లే పక్కకు తప్పుకుని, "పైకి మానింది నానమ్మా, లోపల ఇంకా మానలేదు" అని, ఉన్న పోగులతోనే పెళ్లికి వచ్చింది.